షేక్‌హ్యాండ్‌కు విలువ ఉందా? చెస్ బల్ల దగ్గర చూడండి

"మనకు నమస్కారం ఉండగా షేక్‌హ్యాండ్ దేనికి? దానికి అర్థం, విలువ ఏమైనా ఉన్నాయా?" అని ఒకరు అడిగారు. పెద్దవాళ్లు ఎదురైతే నేనూ నమస్కారమే పెడతాను. అందులో లోటేమీ లేదు. కానీ షేక్‌హ్యాండ్ తప్ప మరేదీ సరిపోని చోటు ఒకటి నాకు తెలుసు. అది చెస్ టోర్నమెంట్ హాలు. చాలా ఏళ్లుగా విజయవాడ, గుంటూరు వైపు పిల్లల టోర్నమెంట్లకు ఆర్బిటర్‌గా, అంటే చెస్ అంపైర్‌గా వెళ్తున్నాను, అక్కడ చూసిందే చెబుతాను.

చెస్‌లో ఆట మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి చేతులు కలుపుతారు. మొదటిది సులువు. అప్పటికి ఎవరూ ఓడలేదు కదా. రెండోదే కష్టం. క్రికెట్‌లో ఓడితే చుట్టూ పదిమంది తోడుంటారు, అంపైర్ మీదో పిచ్ మీదో నెపం వేయొచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. రెండు గంటలు తల బద్దలు కొట్టుకుని ఆడినవాడు, తనే ఓటమి ఒప్పుకుని, తనే ముందు చెయ్యి చాపాలి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తుంది.

ఒక అండర్-9 రౌండ్ ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఒక పాప ఎదుటి పాప మంత్రిని కొట్టేసింది, ఇక గెలిచినట్టే. ఆ ధీమాలో తన రాజు వెనక వరుసలో ఇరుక్కుని ఉన్న సంగతి చూసుకోలేదు. ఎదుటి పాప ఏనుగు దిగింది, మేట్, అంటే రాజుకు దారి లేక ఆట ముగిసింది. పాప కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ బల్ల కిందికి పోయాయి. హాల్లోకి తల్లిదండ్రులను రానివ్వం కాబట్టి ఊరుకోబెట్టడానికి అమ్మ కూడా లేదు. గెలిచిన పాప లేచి పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. ఈ పాప కదల్లేదు. చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఒక మాటా లేదు, చిరునవ్వు కూడా లేదు. చివరికి ఓడిన పాప ఎడమ చేత్తో ముఖం తుడుచుకుని, కుడి చెయ్యి ఇచ్చింది. తర్వాత ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ల మీద సంతకాలు చేశారు. కాసేపటికి బయట మెట్ల మీద ఇద్దరూ కూర్చుని అదే గేమ్‌ను మళ్లీ వేసుకుంటూ కనిపించారు. ఓడినవాళ్లు ఒప్పుకోవడం ఎంత ముఖ్యమో, గెలిచినవాళ్లు ఆగి ఉండడం కూడా అంతే ముఖ్యం. షేక్‌హ్యాండ్ ఒక్కరు చేస్తే అయ్యేది కాదు, దాని విలువంతా అక్కడే ఉందని నేను నమ్ముతాను.

పెద్ద ఆటగాళ్లకైనా ఇది తప్పదు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆఖరి గేమ్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఒక్క తప్పు ఎత్తుతో కిరీటం పోగొట్టుకున్నాడు. అయినా గెలిచిన మన గుకేశ్‌కు చెయ్యి ఇచ్చాకే బల్ల దగ్గర నుంచి లేచాడు. 2025 జూన్‌లో నార్వేలో అదే గుకేశ్ చేతిలో ఓడిన ఆ దేశపు ఆటగాడు కార్ల్‌సన్ కోపం పట్టలేక బల్లను గట్టిగా గుద్దాడు, పావులు ఎగిరిపడ్డాయి. ఆ కోపంలోనూ చెయ్యి మాత్రం చాపాడు. మనసు అప్పటికప్పుడు కుదుటపడకపోయినా మర్యాద నిలబడుతుంది. నాకైతే అది చాలా గొప్ప సంగతి.

ఇవ్వకపోతే ఏమవుతుంది? 2008లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జేలో బల్గేరియా ఆటగాడు చెపారినోవ్, ఇంగ్లండ్‌కు చెందిన నైజెల్ షార్ట్ చాపిన చేతిని అందుకోలేదు. ఆర్బిటర్ చెపారినోవ్ ఓడినట్టు ప్రకటించారు. అప్పీల్ తర్వాత క్షమాపణ చెప్పించి మళ్లీ ఆడిస్తే, గెలిచింది షార్టే. 2025 జనవరిలో అదే ఊళ్లో ఉజ్బెకిస్తాన్ ఆటగాడు యాకుబ్బోయెవ్ మన దేశ క్రీడాకారిణి వైశాలి చాపిన చేతిని అందుకోలేదు. పరాయి స్త్రీలను తాకకూడదన్నది తన మత నియమమని వివరించాడు, తర్వాత పూలు, చాక్లెట్లు ఇచ్చి క్షమాపణ చెప్పాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది ఎదుటివాడి మీద కోపం, రెండోది తన నియమం. నియమం ఉన్నవాళ్లు ఆటకు ముందే ఒక మాట చెబితే నమస్తేతో పని జరుగుతుంది, ఎవరి చెయ్యీ గాల్లో మిగిలిపోదు. బలవంతంగా చేతులు కలిపించడం నాకూ ఇష్టం లేదు.

కోవిడ్ తర్వాత టోర్నమెంట్లు మొదలైనప్పుడు కొన్నాళ్లు పిల్లలు నమస్తేతోనే ముగించారు. పద్ధతి బాగానే ఉంది. కాకపోతే చాలామంది దణ్ణం పెడుతూనే కుర్చీలోంచి లేచి పోయేవాళ్లు. చేతులు కలిపినప్పుడు అలా కుదరదు, ఒక్క క్షణమైనా ఎదుటివాళ్ల ముఖం చూడాల్సిందే.

మీ ఇంట్లో చెస్ ఆడే పిల్లలుంటే ఒక జాగ్రత్త చెప్పండి. మాట లేకుండా చెయ్యి చాపొద్దు. ఒకడు డ్రా అనుకుని చాపుతాడు, రెండోవాడు రిజైన్, అంటే ఓటమి ఒప్పుకున్నాడు అనుకుని అందుకుంటాడు. వెంటనే "సర్, వాడు రిజైన్ చేశాడు" అని ఒకడు, "లేదు సర్, డ్రా అన్నాను" అని ఇంకొకడు. పిల్లల టోర్నమెంట్లలో ఈ గొడవ వస్తూనే ఉంటుంది, ఆర్బిటర్లకు పెద్ద టెన్షన్. అందుకే ముందు "రిజైన్" అనో "డ్రా" అనో నోటితో స్పష్టంగా చెప్పాలి. డ్రా అయితే ఎదుటివాళ్లు సరేననాలి. ఆ తర్వాత చేతులు కలిపి, క్లాక్ ఆపి, ఇద్దరి షీట్ల మీద ఒకే ఫలితం రాశారో లేదో చూసుకుని సంతకం పెట్టాలి.