పాత పోటీ రివాల్వర్ కొనొచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు): అన్నగారూ, నాకు గ్రీన్ కార్డ్ వచ్చి నాలుగేళ్లైంది. ఇంటికి దగ్గర్లో ఉన్న షూటింగ్ క్లబ్‌లో మెంబర్‌ని, రెండేళ్లుగా .22 పిస్టల్‌తో కాగితం టార్గెట్లు కొడుతున్నాను. మా క్లబ్‌లో ఒక రిటైర్డ్ పోలీసాయన తన పాత .38 రివాల్వర్ అమ్ముతానంటున్నాడు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 అట, కానీ చూస్తే ఆ పోలికే లేదు. బ్యారెల్ రోకలిలా లావుగా ఉంది, దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక ఇనప పట్టీ, హ్యామర్‌కి బొటనవేలు ఆనించే కొమ్ము కోసేసి ఉంది. 1,200 డాలర్లు చెప్తున్నాడు, తను దీని మీద 2,000 పైనే పెట్టానంటాడు. ఎవరు చేశారని అడిగితే పేరు గుర్తులేదన్నాడు. నాకు బాగా నచ్చింది, కానీ ఆ కోసేసిన హ్యామర్ లోపమేమోనని ఒకటే టెన్షన్. కొనమంటారా?

జవాబు: కొనొచ్చు, కానీ వెంటనే డబ్బు చేతిలో పెట్టెయ్యకండి.

ముందు అదేంటో చెప్తాను, మీకు లోపంలా కనిపించిన హ్యామర్ సంగతి అందులోనే తేలిపోతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి అది పీపీసీ ఆడటానికి చేయించిన రివాల్వర్. పీపీసీ అంటే ఇక్కడి పోలీసుల పోటీ, 1960ల నుంచి ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) దానికి జాతీయ స్థాయి మ్యాచ్‌లు నడుపుతోంది. మనిషి ఆకారం గీసిన బి-27 టార్గెట్ మీద 7 గజాల నుంచి 50 గజాల దాకా నిలబడి, మోకాళ్ల మీద, కూర్చుని, పడుకుని, బారికేడ్ పక్కనుంచి కొట్టాలి. పెద్ద మ్యాచ్ అయితే 150 రౌండ్లు, ఒక్కోదానికి 10 చొప్పున మొత్తం 1500 పాయింట్లు. అప్పట్లో పోలీసుల నడుముకి వేలాడేది రివాల్వరే కాబట్టి పోటీకీ అదే తెచ్చేవాళ్లు, తర్వాత ఒక్కో పాయింట్ కోసం కొట్లాట ముదిరేసరికి గన్‌స్మిత్‌లకి చేతినిండా పని దొరికింది. మామూలు మోడల్ 10 తీసుకోవడం, దాని సన్నటి బ్యారెల్ పీకేసి అంగుళం లావు బ్యారెల్ బిగించడం, పైన అరిస్టోక్రాట్ కంపెనీ పట్టీయో బో-మార్ కంపెనీ పట్టీయో ఎక్కించడం. కొన్ని పట్టీల్లో గురి చూసుకునే వెనక సైట్‌ని దూరాన్ని బట్టి మార్చుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. కొందరైతే స్మిత్ అండ్ వెసన్ ఫ్రేమ్‌కి కోల్ట్ పైథాన్ బ్యారెల్ తగిలించి దానికి స్మైథాన్ అని పేరు పెట్టుకున్నారు, మేకకి పులి తోలు కప్పినట్టు కాదు, నిజంగానే బాగా కొట్టేవి.

ఆ ఆటలో దాదాపు ప్రతి షాటూ డబల్ యాక్షనే, అంటే ట్రిగ్గర్ మొత్తం పొడుగునా లాగి కొట్టడమే. హ్యామర్‌ని బొటనవేలితో లాగే పని లేదు, కొమ్ము ఉంటే అనవసరపు బరువు, అందుకే కోసేస్తారు. లోపల సింగిల్ యాక్షన్ పట్టు, అంటే ముందే లాగిన హ్యామర్‌ని ఆపి ఉంచేది, కూడా తీసేసి ఉండొచ్చు. అది లోపం కాదు, కావాలని డబ్బిచ్చి చేయించుకున్నది. లావు బ్యారెల్ కూడా అంతే, ట్రిగ్గర్‌ని అంత దూరం లాగేటప్పుడు ముందు భాగం ఊగకుండా పట్టి ఉంచేది ఆ బరువే.

కాకపోతే మీరు కొంటున్నది వేరేవాళ్ల కొలతలకి కుట్టించిన జాకెట్టు. గుడ్డ మంచిదే, కుట్టు మంచిదే, మీకు సరిపోతుందా అనేదే ప్రశ్న. మీరు .22తో ఒంటిచేత్తో నిదానంగా, ఒక్కో షాట్‌కీ ఊపిరి బిగబట్టి కొట్టే బుల్స్‌ఐ ఆటకి అలవాటుపడి, అదే .38తో ఆడదామనుకుంటే ఇది మీకు పనికిరాదు. అక్కడ 50 గజాల దగ్గర హ్యామర్ ముందే లాగి పెట్టుకుని కొట్టే సౌకర్యం కావాలి. ఆ ఆటకి మోడల్ 14 చూడండి, కె-38 అని కూడా అంటారు, ఫ్యాక్టరీ నుంచే టార్గెట్ సైట్లతో వచ్చింది. మీ క్లబ్‌లో పీపీసీ తరహా మ్యాచ్ పెడుతున్నారా? అధికారిక పోటీలు పోలీసుల కోసమే అయినా కొన్ని క్లబ్బులు మామూలు మెంబర్లకీ పెడుతుంటాయి. పెడుతుంటే కొనండి. పెట్టకపోతే బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికి 1,200 ఎక్కువే. ఇంకోటి, ఆ బ్యారెల్, ఆ పట్టీ మామూలు హోల్‌స్టర్‌లో పట్టవు. ఆయన దగ్గర దాని హోల్‌స్టర్ ఉందేమో అడిగి, ఉంటే బేరంలో కలిపేయమనండి, విడిగా వెతకడం పెద్ద తలనొప్పి.

ఇక చూడటం. సిలిండర్ తెరిచి తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని మీ కళ్లతో చూడండి, ఆయన ఇప్పుడే చూశాడు కదా అని వదిలేయొద్దు. ఆయన్ని అడిగి, తూటాలు లేకుండా, గోడ వైపు కాకుండా రేంజ్ వైపే పెట్టి, సిలిండర్ మీద ఒక వేలు బ్రేక్ వేసినట్టు తేలిగ్గా ఆనించి ట్రిగ్గర్ చాలా నెమ్మదిగా లాగండి. హ్యామర్ పడేలోపే సిలిండర్ టక్కుమని లాక్ అయిపోవాలి. ఇది ఆరు గదులకీ విడివిడిగా చూడాలి. ఐదింటికి బాగుండి ఆరోదానికి వెనకబడినా అది టైమింగ్ పోయిన తుపాకీ కిందే లెక్క. గది, బ్యారెల్ సరిగ్గా ఎదురెదురుగా రాకపోతే గుండు అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి, మీ పక్క లేన్‌లో ఉన్నాయన చెంప నిమురుకుంటాడు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటిది కూడా ఇలాంటిదే, నీలం పాలిష్ అద్దంలా మెరుస్తుంటే దాన్నే చూస్తూ ఉండిపోయి, మూడు గదులు తిప్పి చూసి చాల్లే అనుకున్నాను. అమ్మినాయన మంచివాడే, ఆయనకీ తెలియదేమో. ఇంటికొచ్చాక నాలుగో గది దగ్గర తేడా కనిపించింది. సిలిండర్‌ని తిప్పే ముక్క అరిగిపోయిందని గన్‌స్మిత్ కొత్తది వేశాడు, సరిగ్గా సాన పెట్టి అమర్చేసరికి రెండు నెలలు పట్టింది, ఖర్చు మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత సిలిండర్ మూసి ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, కొద్దిగా ఆడటం సహజం, లొటలొటలాడకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) కొలిస్తే 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉంటే నాకైతే బాధ లేదు. బ్యారెల్ వెనక మూతిని, ఫోర్సింగ్ కోన్ అంటారు, టార్చి వేసి చూడండి, ముఖ్యంగా కింది వైపు పగులు ఉందేమో. పగులు ఉంటే దండం పెట్టి వచ్చేయండి. స్క్రూల తలలు చూడండి, గాడులు చెదిరిపోయి ఉంటే ఎవరో వంటింటి స్క్రూడ్రైవర్‌తో లోపల ప్రయోగాలు చేశారన్నమాట. మంచి గన్‌స్మిత్ చేతిలో స్క్రూ తల పాడవదు. చేసినాయన పేరు తెలియనప్పుడు మీకు ఆయన సంతకం లాంటిది ఆ స్క్రూలే. అన్నట్టు గ్రిప్ విప్పి ఫ్రేమ్ మీదా, బ్యారెల్ అడుగునా పేరో ముద్రో ఉందేమో కూడా చూడండి, చాలామంది కొట్టుకునేవాళ్లు. ఆ రంగంలో తెలిసిన పేరు దొరికిందంటే 1,200 అడగడంలో అర్థముంది.

ట్రిగ్గర్ వెన్నలా ఉంది కదా అని మురిసిపోకండి. అంత తేలిగ్గా ఉందంటే స్ప్రింగులు బాగా తగ్గించి ఉంటారు, దాంతో హ్యామర్ దెబ్బ కూడా తగ్గుతుంది. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు (తూటా అడుగున ఉండి, హ్యామర్ దెబ్బకి నిప్పు పుట్టించేవి) మెత్తన కాబట్టి వాటితో పేలుతుంది, మిగతా కంపెనీలవి పెడితే క్లిక్‌మని ఊరుకోవచ్చు. రెండు మూడు రకాల ఫ్యాక్టరీ రౌండ్లు తీసుకెళ్లి కనీసం ఒక 100 కొట్టి చూడండి. పేలకపోతే వెంటనే తెరవొద్దు, అర నిమిషం టార్గెట్ వైపే పట్టుకుని ఆగండి. అయితే ఇది పెద్ద జబ్బేం కాదు, గ్రిప్ ముందు వైపు ఉండే స్క్రూ కాస్త బిగించడమో, స్ప్రింగ్ మార్చడమో, అంతే.

కచ్చితత్వం చూడటానికి ఇసక బస్తా మీద ఆనించి 25 గజాల నుంచి 148 గ్రెయిన్ల బరువుండే వాడ్‌కట్టర్లు కొట్టండి. చివర చదునుగా ఉండే ఆ గుండ్ల కోసమే ఇలాంటి బ్యారెల్స్ లోపల గుండుని తిప్పే మరలు బిగుతుగా కోయించేవాళ్లు. ఫ్యాక్టరీ మరలో గుండు సుమారు 18¾ అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, పీపీసీ బ్యారెల్స్‌లో 14 అంగుళాలకీ 10 అంగుళాలకీ ఒక చుట్టు తిరిగేలా ఉండేవి, 50 గజాలు వెళ్లేలోపు గుండు తడబడకుండా. చిల్లులు పేపర్ పంచ్‌తో కొట్టినట్టు గుండ్రంగా రావాలి. అడ్డంగా చిరిగినట్టు ఉంటే గుండు పల్టీ కొడుతోందని అర్థం.

ధర సంగతికొస్తే, ఆయన 2,000 పెట్టాడన్నది నిజమే అయ్యుంటుంది, అబద్ధమాడే అవసరం ఆయనకి లేదు. కానీ ఆ డబ్బుతో ఆయన చాలా ఏళ్లు ఆడుకున్నాడు. పాత తుపాకులు సేకరించేవాళ్లకి బ్యారెల్ మార్చిన మోడల్ 10 అక్కర్లేదు, దాన్ని కొనేది మీలాంటి ఆటగాడు మాత్రమే, రేపు మీరు అమ్మాలన్నా అంతే. పేరు దొరక్కపోతే 900 దగ్గర మొదలుపెట్టండి, ‘మా గన్‌స్మిత్‌కి చూపించాక ఇస్తాను’ అనండి. దానికి ఒప్పుకోకపోతే వదిలేయండి.

కాగితాల విషయం: ఇద్దరూ టెక్సస్‌లోనే ఉంటున్నారు కాబట్టి మనిషి మనిషికి అమ్ముకోవడం చట్టప్రకారం కుదురుతుంది. అయినా నేను లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లమంటాను. కొద్దిపాటి ఫీజు తీసుకుంటాడు, 4473 ఫారం (డీలర్ దగ్గర తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం) నింపుతారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది, గ్రీన్ కార్డ్ వెంట తీసుకెళ్లండి. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మీరు, ఏ తేదీన ఎలా మీ చేతికి వచ్చిందో కాగితం ఉండటం మంచిదే కదా. అమ్మేవాడు వేరే రాష్ట్రంలో ఉంటే మాత్రం ఇష్టాయిష్టాలు లేవు, మీ రాష్ట్రంలోని డీలర్ ద్వారానే రావాలి.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు): మావారు హెచ్-1బి మీద ఉన్నారు. ఇలాంటి టార్గెట్ రివాల్వర్ ఒకటి ఆన్‌లైన్‌లో చూసి మనసు పారేసుకున్నారు. గ్రీన్ కార్డ్ ఉన్న ఆయన ఫ్రెండ్ ‘నా పేరు మీద కొనేసి నీకిచ్చేస్తా బావా’ అంటున్నాడు. నాకెందుకో భయంగా ఉంది.

జవాబు: మీ భయమే కరెక్టమ్మా. ఆ ఫ్రెండ్‌ని ఆపండి.

4473 ఫారంలో అసలు కొంటున్నది నువ్వేనా అని సూటిగా అడుగుతారు. వేరేవాళ్ల డబ్బుతో వేరేవాళ్ల కోసం కొంటూ అవునని రాస్తే అబద్ధం చెప్పినట్టే. పైగా ఆ రెండో మనిషి తుపాకీ పెట్టుకోకూడనివాడైతే 2022లో వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. మీవారికి ఎందుకు కుదరదంటే, ఫెడరల్ చట్టం హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదంటుంది. కొనడమే కాదు, చేతిలో ఉండటం కూడా. రేంజ్‌లో అద్దెకిస్తారు కదా అని వెళ్లేవాళ్లు చాలామందికి ఈ ముక్క తెలియదు. మినహాయింపులున్నాయి, అందరికీ తెలిసినది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. ఆ దారిలో వెళ్లినా న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కీ పోలీసుల దగ్గర విడిగా పర్మిట్ తీసుకోవాలి. ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడమనండి. ఆయనకి మరీ అంత సరదాగా ఉంటే ఈలోపు విల్లు, బాణాలు ఉన్నాయి, నేను వెటకారానికి అనడం లేదు, ఆర్చరీ రేంజ్‌లో ఏ ఫారమూ అక్కర్లేదు.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక పాఠకుడు): మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఏషియన్ గేమ్స్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌ని చూసినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానంటోంది. డాలస్‌లో ఉన్న మా బావమరిది ఒక పాత టార్గెట్ రివాల్వర్ పంపిస్తానంటున్నాడు. ఎలా తెప్పించుకోవాలి?

జవాబు: తెప్పించుకోకండి. లైసెన్స్ లేకుండా తుపాకీ దేశంలోకి తేవడం ఆయుధాల చట్టం, 1959 ప్రకారం నేరం, లగేజీలో పెట్టినవాడితో పాటు మీరూ ఇరుక్కుంటారు. పైగా అది పాపకి పనికొచ్చేదీ కాదు. మీరు టీవీలో చూసినవి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, 25 మీటర్ల .22 పిస్టల్. పిల్లలందరూ మొదలుపెట్టేది ఎయిర్ పిస్టల్‌తోనే, అది కూడా మొదటి ఆరు నెలలు కొనక్కర్లేదు, కోచింగ్ ఇచ్చేచోట వాళ్లదే ఇస్తారు. రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న రేంజ్ ఎక్కడుందో కనుక్కుని పాపని ఒకసారి తీసుకెళ్లండి. చెయ్యి చాపి కిలో బరువుని నిమిషంసేపు కదలకుండా పట్టుకోమంటారు మొదటిరోజు, విసుక్కోకుండా రెండోరోజు కూడా వెళ్తానంటే అప్పుడు ఫీజు కట్టండి.