అల్లుడూ, కోళ్లు తెచ్చే ముందు గూడు సంగతి చూడు

అల్లుడూ,

బెంగళూరు హొరమావులో మీ ఇంటి వెనక ఖాళీ జాగాలో కోళ్లు పెంచుదామని నువ్వూ అమ్మాయీ అనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాసి పంపిస్తున్నా, ఇద్దరూ కూర్చుని చదవండి. మదనపల్లిలో పుట్టింట్లో ఉన్నప్పటి నుంచి, పెళ్లయి హోస్కోట వచ్చాక కూడా మన ఇంట్లో కోళ్లు లేని కాలమే లేదు, కాబట్టి నా మాట కొంచెం విను.

కోళ్లు అనగానే అందరూ అడిగేది ఏం తిండి పెట్టాలి అని. దానికి అంత టెన్షన్ పడక్కర్లేదు, కోడి ఏదో ఒకటి ఏరుకుని తింటుంది. ఇంట్లో పెంచే కోళ్లు చచ్చేది ఎక్కువగా తడిసిన నేల వల్ల, రాత్రి సరిగ్గా వెయ్యని తలుపు వల్ల, వేయించని టీకా వల్ల. ఈ మూడూ చూసుకుంటే మిగతాది మెల్లగా అదే వస్తుంది. అందుకే గూడు పూర్తయ్యేదాకా కోడిపిల్లల్ని తేవద్దు. ముందు పిల్లల్ని తెచ్చి అట్టపెట్టెలో పెట్టి, తర్వాత కార్పెంటర్ కోసం తిరిగేవాళ్లను చాలామందిని చూశా.

ఐదారు పెట్టలు చాలు మీకు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పొదిగినా పిల్ల రాదు, అంతే తేడా. మీ వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి, తెల్లవారుజామున నాలుగింటికి పుంజు కూత మొదలుపెడితే పక్కింటివాళ్లతో మాటలు పడాలి. పుంజు వద్దు. మొదలుపెట్టే ముందే పక్కవాళ్లకి ఒక మాట చెప్పు, అద్దె ఇల్లు కాబట్టి ఓనర్‌కి కూడా చెప్పు.

గూడు లోపల ఒక్కో కోడికి మూడు నాలుగు చదరపు అడుగులు ఉండాలి, అంటే ఆరు కోళ్లకు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. పగలు బయట తిరగడానికి వేరే జాగా ఉండాలి. నేల మీద పెట్టకుండా రెండడుగుల ఎత్తులో కట్టించు. బెంగళూరులో ఎండ కన్నా చెమ్మతోనే ఇబ్బంది, మే నెలలో మొదలైన వానలు మధ్యమధ్య ఆగుతూ అక్టోబరు దాకా పడతాయి, జూలై ఆగస్టుల్లో పడమటి గాలి చినుకుల్ని అడ్డంగా కొడుతుంది. అందుకని పడమర వైపు మూసేసి, తూర్పు వైపు జాలీ పెట్టించు, కప్పు అడుగున్నర ముందుకు రావాలి. అలాగని చలి వేస్తుందని అన్నీ మూసెయ్యకు. గాలి ఆడకపోతే రెట్టల ఘాటుకి కోళ్ల కళ్లు మండి నీళ్లు కారతాయి, రొప్పు పట్టుకుంటుంది. గోడల పైభాగంలో గాలి పోయే సందు తప్పకుండా ఉండాలి.

కింద మూడు నాలుగు అంగుళాల మందాన వరిపొట్టు గానీ రంపపు పొట్టు గానీ పరుచు. వారానికి రెండుసార్లు కిందామీదా కలియబెట్టు. ఒక పిడికెడు తీసి గట్టిగా పిసుకు, చెయ్యి తెరిచాక పొడిపొడిగా రాలితే బాగున్నట్టు, ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. అప్పుడు తడిసినదంతా తీసేసి కొత్త పొట్టు వెయ్యి, కాస్త సున్నం చల్లు. ఈ తడిలోనే రక్త విరేచనాల రోగం పుడుతుంది, నెల రోజుల పిల్లలైతే రెండు మూడు రోజుల్లో పోతాయి. నీళ్ల గిన్నె చుట్టే ఎక్కువ తడుస్తుంది, కాబట్టి గిన్నెని ఇటుకల మీద కోడి వీపు ఎత్తుకి పెట్టు, కాళ్లతో పొట్టు ఎగజిమ్మి నీళ్లలో వెయ్యడం కూడా తగ్గుతుంది.

రాత్రి సంగతి. కోళ్ల జాలీ అని షాపులో పలచటి ఆరు మూలల వల ఇస్తారు, అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్కని ఆపలేదు, పందికొక్కుని అసలే ఆపలేదు. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ తీసుకో, డబ్బు ఎక్కువైనా అక్కడ మాత్రం వెనకాడకు. కోడిపిల్ల దూరే సందు ఉంటే ముంగిసకి చాలు. మీ వైపు గద్దలు కూడా బాగా తిరుగుతాయి, పిల్లలు కాస్త ఎదిగేదాకా పైన వల లేకుండా బయటికి వదలొద్దు. పొద్దుగూకగానే కోళ్లు వాటంతట అవే గూట్లోకి వచ్చి కర్ర ఎక్కుతాయి, ఒక్కోదానికి ఎనిమిది పది అంగుళాల చోటు చొప్పున కర్ర కట్టు. అవి ఎక్కాక లెక్కపెట్టి గడియ వెయ్యి. ఉత్త గడియ కాదు, కొక్కెం కూడా.

ఏ కోళ్లు తేవాలంటావా? మనకి హెబ్బాళ దగ్గరే ఉంది. అక్కడి వెటర్నరీ కాలేజీలో తయారైనవే గిరిరాజ, స్వర్ణధార. నీకు స్వర్ణధార మేలు. 2005లో వచ్చిన రకం, చూడటానికి నాటుకోడిలా రంగురంగుల ఈకలు, గిరిరాజ కన్నా తేలిక, పిల్లి వస్తే ఎగిరి తప్పించుకోగలదు, గుడ్లూ ఎక్కువే. మంచి మేత పెడితే ఏడాదికి 180 దాకా పెడుతుంది. ఆరు పెట్టలంటే రోజుకి మూడు గుడ్లు అనుకో, మీకు సరిపోతాయి. అచ్చం నాటు పెట్ట అయితే అందులో సగం కూడా రావు, కానీ పొదుగుతుంది, పిల్లల్ని తిప్పుతుంది, రుచి సరేసరి. సంతల్లో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే పిల్లలు మాత్రం పాప ఏడ్చినా కొనొద్దు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో అక్కర్లేక తీసేసిన మగ పిల్లలు, చలికీ ఆకలికీ సగం చచ్చే చేతికొస్తాయి.

ఒక రోజు పిల్లలు కాకుండా ఆరు వారాలు పెరిగినవి అడుగు. పిల్లలకి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. డిసెంబరు జనవరిలో ఇక్కడి రాత్రులకి, మధ్యలో కరెంటు పోతే, కొత్తవాళ్లకి కష్టం. అయినా చిన్న పిల్లలే కావాలంటే బల్బు కింద అవి ఎలా ఉన్నాయో చూడు. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపు కడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి, అటూ ఇటూ తిరుగుతూ తింటుంటే సరిగ్గా ఉన్నట్టు.

టీకాల విషయంలో నేను మొండిదాన్ని. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్ రోగం, వస్తే మందు లేదు. మెడ తిప్పుకుపోయి, ఆకుపచ్చ రెట్టలు వేస్తూ గూడు గూడంతా ఖాళీ అవుతుంది. పిల్లకి ఐదు నుంచి ఏడు రోజుల మధ్య ఈ తెగులుకే లసోటా అనే టీకా చుక్క కంట్లోగానీ ముక్కులోగానీ, 14వ రోజు గంబోరో రోగం టీకా, నెలకి మళ్లీ లసోటా, ఆరేడు వారాలకి అమ్మోరు టీకా, ఎనిమిది పది వారాల మధ్య మళ్లీ కొక్కెర తెగులుకే ఆర్‌టుబి అనే సూది. అమ్మేవాడు అన్నీ వేశాం అంటే ఏ తేదీన ఏది వేశారో కాగితం అడుగు. ఒక సీసాలో వంద కోళ్లకి పైనే సరిపోయే మందు ఉంటుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, దాచడానికి లేదు. అందుకని చుట్టుపక్కల కోళ్లున్నవాళ్లతో కలిసి ఒకే రోజు వేయించుకో. సీసాని ఐసులో పెట్టి తెచ్చుకో. నీళ్లలో కలిపి తాగించే పనైతే కుళాయి కావేరి నీళ్లు వద్దు, అందులో క్లోరిన్ టీకాని చంపేస్తుంది, బోరు నీళ్లు వాడు. రెండు మూడు నెలలకొకసారి నట్టల మందు, డాక్టరు చెప్పిన మోతాదులో.

కోడి ఉన్నట్టుండి చచ్చిపోతే కోసుకుని తినొద్దు, చెత్తబండిలో వెయ్యొద్దు. కవర్లో చుట్టి ఐసు మీద పెట్టి హెబ్బాళకి తీసుకెళ్లు, అక్కడ పశువ్యాధుల పరీక్షలు చేసే, టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఉంది. ఒకేసారి నాలుగైదు పోతే వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. 2012లో బెంగళూరు పక్కన హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ కోళ్ల కేంద్రంలోనే బర్డ్ ఫ్లూ వచ్చింది, అంత పద్ధతిగా నడిచే చోటే వచ్చినప్పుడు మన పెరడు ఎంత? కొత్తగా తెచ్చిన కోడిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాతే పాతవాటితో కలుపు.

ఇక మేత. ఎనిమిది వారాల దాకా పిల్లల దాణా, తర్వాత గ్రోయర్, గుడ్లకి వచ్చే ముందు లేయర్. లేయర్ దాణా పిల్లలకి పెట్టొద్దు, అందులో సున్నం ఎక్కువ, వాటి మూత్రపిండాలు పాడవుతాయి. ఒక్కో పెట్ట రోజుకి 110 గ్రాముల దాకా తింటుంది, ఆరింటికీ నెలకి 20 కిలోలు. యాభై కిలోల మూట చవకని కొని పెట్టుకోకు, వానాకాలంలో బూజు పడుతుంది, బూజు పట్టిన మేత విషమే. రాగులు, మునగాకు, తోటకూర కాడలు, మిగిలిన అన్నం ఇష్టంగా తింటాయి, ఉప్పు ఎక్కువున్నవి మాత్రం వెయ్యకు. థర్మోకోల్ ముక్కలు ఎక్కడా పడి ఉండకుండా చూడు, వద్దన్నా పొడుచుకు తింటాయి. ఓ మూల పాత టబ్బులో పొడి మట్టీ బూడిదా పోసి పెడితే పొర్లాడి కోడిపేలు దులుపుకుంటాయి. పాపకి అది చూపించు, చూస్తూ కూర్చుంటుంది. గుడ్లు తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా నేర్పించు.

రెట్టల ఎరువు పచ్చిగా మొక్కల మొదట్లో వెయ్యొద్దు, వేర్లు మాడిపోతాయి. ఆకులతో కలిపి రెండు నెలలు మగ్గబెట్టి కరివేపాకు చెట్టుకి వెయ్యి, చూద్దువుగాని.

అమ్మాయితో ఒక సంగతి ఇప్పుడే మాట్లాడుకో. రెండేళ్లు దాటాక గుడ్లు తగ్గుతూ వస్తాయి, కోడి మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతుకుతుంది. అప్పుడు కోస్తారా, ఉంచుకుంటారా? ఏదైనా తప్పు లేదు. కానీ పాప ఒక్కోదానికి పేరు పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక ఆ మాట ఎత్తితే ఆ పిల్ల తట్టుకోలేదు.

దీపావళికి టపాసుల మోతకి బెదిరి కొన్నాళ్లు గుడ్లు పెట్టవు, కంగారు పడకు, ఆ రాత్రులు గూటి మీద మందపాటి గోనెలు కప్పు. సంక్రాంతికి ఊరికి వెళ్లేటప్పుడు ఎవరు తలుపు తీస్తారో, ఎవరు వేస్తారో ముందే అనుకోండి. ఎవరూ దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, మీ మామయ్య వ్యానులో గంపలు పంపిస్తాడు, మీరు తిరిగొచ్చేదాకా మా దగ్గర విడిగా ఉంచుతా. గూడు కట్టడం మొదలుపెట్టగానే ఫోటో పంపు, కప్పు వెయ్యక ముందే పంపు.

మీ అత్త