అక్క దగ్గర దాచిన పదోన్నతి

ప్రశ్న: నా వయసు 36. పన్నెండేళ్లుగా ఆడిట్ విభాగంలో పనిచేస్తున్నాను. చిన్నప్పుడే నాన్న పోతే అక్క చదువు మానేసి, ఉద్యోగంలో చేరి నన్ను చదివించింది. ఇంట్లో తెలివైనది అక్క అనీ, నేను కష్టపడే పిల్లననీ అందరూ అనేవారు. మూడు నెలల క్రితం నన్ను విభాగాధిపతిని చేశారు. నా కింద పదకొండు మంది ఉన్నారు. నాకేమీ రాదని ఏదో ఒక రోజు బయటపడుతుందన్న భయంతో, రాత్రి రెండింటి దాకా మేల్కొని వాళ్లు చేసిన పనినంతా మళ్లీ చేస్తున్నాను. సమావేశాల్లో నోరు పెగలదు. ఎవరైనా మెచ్చుకుంటే పాపం మోసపోయారనిపిస్తుంది. అక్క ఇప్పటికీ అదే చిన్న ఉద్యోగంలో ఉంది. నా పదోన్నతి సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. ఈ పదవి వదులుకుని పాత స్థానానికి వెళ్లిపోవాలా, లేక ఆత్మవిశ్వాసం పెంచే శిక్షణ ఏదైనా తీసుకోవాలా?
– ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ జవాబు చిన్నదే. పదవి వదులుకోవద్దు. శిక్షణ మీకు అక్కరలేదు. పన్నెండేళ్లు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషికి కొత్తగా నేర్పవలసినది ఏ శిక్షకుడి దగ్గరా ఉండదు. నేను ఆగిపోయింది మీ ప్రశ్న దగ్గర కాదు, దానికి ముందు వాక్యం దగ్గర. మూడు నెలలుగా అక్కకు చెప్పలేదని, వాతావరణం సంగతి రాసినంత మామూలుగా రాశారు. మీ ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉంది.

సాధించినది కళ్లెదుట కనిపిస్తున్నా తాము అందరినీ మోసం చేస్తున్నామని లోలోపల నమ్మే స్థితిని పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు 1978లో వివరించారు. చదువుల్లోనూ వృత్తుల్లోనూ రాణించిన 150 మందికి పైగా స్త్రీలను గమనించి వాళ్లు రాసిన మాటలవి. అప్పుడు వాళ్లు దీన్ని జబ్బు అనలేదు. ఇంపోస్టర్ సిండ్రోమ్, అంటే నేనొక నకిలీనన్న భావన, అన్న పేరు తరువాత జనం నోట స్థిరపడిందే తప్ప మానసిక రుగ్మతల జాబితాల్లో ఇది లేదు. ఈ భావన పెరిగే ఇళ్లు ముఖ్యంగా రెండు రకాలని వాళ్లన్నారు. ఒక ఇంట్లో పిల్లకు చేతకానిదంటూ ఏదీ లేదని ఆకాశానికెత్తుతారు. రెండో ఇంట్లో తోబుట్టువుల్లో ఒకరిని తెలివైనవారిగా ముందే నిర్ణయించేసి, రెండో పిల్లకు మంచితనమో మరో గుణమో కేటాయిస్తారు. ఆ రెండో పిల్ల ఎన్ని మార్కులు తెచ్చినా ఇంటివాళ్ల తీర్పు మారదు. తీర్పు తప్పేమో అని ఒక మూల అనుమానిస్తూనే, వాళ్లే నిజమేమో అని మరో మూల భయపడుతూ ఆమె పెరుగుతుంది.

మీ ఇల్లు ఆ రెండో రకం. పైగా మీ విషయంలో ఇంకో ముడి కూడా పడింది. తెలివైన పిల్ల చదువు మానేసింది, కష్టపడే పిల్ల చదువుకుంది. అందుచేత మీరు ఆఫీసులో కూర్చున్న ప్రతి కుర్చీ అక్కకు దక్కవలసినదిగా మీకు కనిపిస్తోంది. మీకు తెలివి ఉందని మీరే ఒప్పుకున్న రోజున, ఇంటివాళ్లు చేసిన పంపకం తప్పని తేలుతుంది, అక్క స్థానాన్ని కాజేసినట్టు మీకనిపిస్తుంది. అంతకంటే నేనొక నకిలీని అనుకోవడం తేలిక. ఆమెకు చదువు దక్కి ఉంటే మీకంటే పెద్ద స్థానంలో ఉండేదేమో, నేను కాదనను. అయినా మీరు పరిశీలించిన ఖాతాలు మీరు పరిశీలించినవే, పట్టిన తప్పులు మీరు పట్టినవే.

ఋణపడినవాళ్లు జీవితాంతం కుంచించుకుని కనిపించాలన్న నియమం ఎవరు పెట్టారో గాని, అది నాకు మొదటినుంచీ గిట్టదు. చదివించిన మనిషికి చదువుకున్న మనిషి ఒక లెక్క అప్పజెప్పాలి: ఆ చదువు ఎంతదాకా వచ్చిందో చెప్పాలి. పెట్టుబడి పెట్టినవారి దగ్గర లాభం దాచిపెడితే దాన్నేమంటారో ఆడిట్ చేసే మీకు నేను చెప్పనక్కరలేదు. ఆమె బాధపడుతుందని దాచానంటారేమో. అంటే ఆమె మీ మేలు చూసి ఓర్వలేదని మీరే తీర్పు చెప్పేశారన్నమాట. నేను మా ఇంట్లో పెద్దకూతురిని. నా చెల్లెలు తన విజయమొకటి నా దగ్గర దాచిందని వేరేవాళ్ల ద్వారా తెలిసిన రోజున, నేను చదువుకోలేకపోయినందుకు ఎన్నడూ పడనంత బాధ పడ్డాను. కాబట్టి ఈ విషయంలో మీ అక్క తరఫున కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను.

ఆఫీసు సంగతికి వస్తే, రాత్రి రెండింటి దాకా మీరు చేస్తున్నదాన్ని శ్రద్ధ అనుకుంటున్నారు. పదకొండు మంది పనినీ మళ్లీ చేయడం వాళ్లకు అవమానం, మీకు విషం. అంత చాకిరీ తరువాత పని బాగా వస్తే ఘనత చాకిరీకే పోతుంది గాని మీ సామర్థ్యానికి రాదు, మరుసటి పనికి భయం మళ్లీ మొదటికొస్తుంది. క్లాన్స్ కూడా ఈ చక్రాన్ని వర్ణించారు. తన శక్తి మీద మనిషికి నమ్మకం ఏర్పడే మార్గాల్లో స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే బలమైనదని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పారు. మీకు ఆ అనుభవాలకు కొదవ లేదు, ఒక్కటీ మీ ఖాతాలో జమ కాకుండా మీరే చూసుకుంటున్నారు. నాకు ఇంకొకటి కూడా తోస్తోంది. అందరి భారాన్నీ ఒంటరిగా నెత్తికెత్తుకోవడం మీరు అక్కను చూసి నేర్చుకున్నారు. ఆమెలా అరిగిపోతే అప్పు తీరుతుందనుకుంటున్నట్టున్నారు. తీరదమ్మా.

అందుకని ఈ వారం నుంచి కిందివాళ్ల పనిలో మీకు నిజంగా ప్రమాదం ఉందనిపించిన భాగాన్ని మాత్రమే ఎంచి చూడండి, తప్పు దొరికితే మీరు దిద్దకుండా చేసినవాళ్లకే తిప్పి పంపండి. మీ నివేదిక రెండుసార్లు చదివి పంపేయండి. ఒక పుస్తకం పెట్టుకుని, ఎవరైనా మెచ్చుకున్నప్పుడు వాళ్లన్న మాట ఒకవైపు, దాన్ని తోసిపుచ్చడానికి మీరన్న మాట మరోవైపు రాయండి. నెల తిరిగేసరికి రెండో వైపు ఒకే సాకు ఎన్నిసార్లు పడిందో మీ కళ్లకే కనిపిస్తుంది. సమావేశంలో మొదటి పది నిమిషాల్లోనే చిన్నదైనా ఒక మాట అనేయండి, ఆలస్యమైన కొద్దీ గొంతు ఇంకా బిగుసుకుంటుంది. తెలియనిది అడిగితే తెలుసుకుని రేపు చెబుతాననండి, విభాగాధిపతులందరూ అనే మాటే అది. ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే, గుండెదడ తగ్గకపోతే మనస్తత్వ నిపుణులను కలవండి, అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఈ ఆదివారం అక్క దగ్గరికి వెళ్లండి. ఫోనులో చెప్పవద్దు. నియామకపు ఉత్తరం చేతికిచ్చి ఆమెనే చదవనివ్వండి. అదృష్టవశాత్తూ వచ్చిందనీ, నీకైతే ఎప్పుడో వచ్చేదనీ ముందే అడ్డుపడకండి. మూడు నెలలు ఎందుకు చెప్పలేదని ఆమె తప్పకుండా అడుగుతుంది, కోప్పడవచ్చు కూడా. అప్పుడు ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా ఆమెకు చెప్పండి. ఇంట్లో అందరూ తనను తెలివైనది అన్నప్పుడు తనకు ఎలా ఉండేదో కూడా ఆమెను అడగండి. ఆ ప్రశ్న బహుశా ఇంతవరకు ఆమెను ఎవరూ అడిగి ఉండరు.