మిద్దె ఇంటిని హోటల్ చేయడానికి పొలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. గండికోటకు అరగంట దారి. మా ముత్తాత కట్టించిన మిద్దె ఇల్లు, పశువుల కొట్టం, కల్లం, వెనక ఎకరన్నర మామిడి తోట ఉన్నాయి. ఇంటికి నూరేళ్లు దాటాయి. దీన్ని ఎనిమిది గదుల పల్లె హోటల్‌గా, పక్కన రెస్టారెంటుతో నడపాలని నా కోరిక. కాంట్రాక్టరు 62 లక్షలు అవుతుందన్నాడు. ఐదెకరాలు తాకట్టు పెడితే బ్యాంకు 40 లక్షలు ఇస్తానంది. మిగతాది నా ఎఫ్‌డీలు (14 లక్షలు), మ్యూచువల్ ఫండ్లు (8 లక్షలు) తీసి పెడతాను. పీఎఫ్‌లో ఇంకో 9 లక్షలు ఉన్నాయి. నాకు 38 ఏళ్లు, బెంగళూరులో ఉద్యోగం, నెలకు లక్షా పదివేలు చేతికొస్తుంది. ఒక పాప, ఆరో తరగతి. నాన్న 9 ఎకరాలు సేద్యం చేస్తున్నారు. ఇంట్లో కడపలో ఉండే బాబాయికి భాగముంది, అక్క ప్రొద్దుటూరులో ఉంది, ఇద్దరూ సరేనన్నారు. ఉగాదికి ఉద్యోగం మానేయొచ్చా?

జవాబు: ఇల్లు నిలబెట్టుకోవాలన్న మీ ఆలోచన మంచిది. మన సీమలో పాత మిద్దెలు ఎన్ని కూలుతున్నాయో, వాటి టేకు దూలాలు ఎన్ని లారీలెక్కి వెళ్లిపోతున్నాయో చూస్తూనే ఉన్నాం. అందుకే ఈ పని మీరు చేయాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ మీరు రాసిన పద్ధతిలో వద్దు. 40 లక్షల అప్పు వద్దు, పొలం తాకట్టు వద్దు, ఉగాదికి రాజీనామా అసలే వద్దు. ఎందుకో లెక్కతోనే చెప్తాను.

40 లక్షలు, పదేళ్లు, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. నెలకు దాదాపు 54,000 వాయిదా. ఏడాదికి ఆరున్నర లక్షలు. ఇక గదులు. ఎనిమిది గదులు 365 రోజులంటే 2,920 రాత్రులు. అందులో నాలుగో వంతు, అంటే 730 నిండాయని, గది 2,500 చొప్పున పోయిందని అనుకుంటే 18 లక్షల పాతిక వేలు. గదికి ఇద్దరు చొప్పున వచ్చినవాళ్లు మనిషికి 500 చొప్పున తింటే, సరుకుల ఖర్చు పోను ఇంకో 4 లక్షలు. బుకింగ్ యాప్‌ల కమీషన్‌కు లక్షన్నర తీసేయండి. వంటమనిషి, కాపలా, శుభ్రం చేసేవాళ్లు, దుప్పట్ల ఉతుకు, కరెంటు, మరమ్మతులు కలిపి ఎనిమిది గదులకు నెలకు లక్షా పదివేలకు తగ్గదు. అన్నీ పోను ఏడున్నర లక్షలు. వాయిదా కట్టాక మీ చేతిలో మిగిలేది సుమారు లక్ష రూపాయలు. నెలకు కాదు, ఏడాదికి. దానికోసం మీరు వదులుకునేది ఏడాదికి 13 లక్షల జీతం.

పైగా నాలుగో వంతు నిండడం మొదటి ఏళ్లలో తేలిక కాదు. 18 శాతమే నిండితే, అదే లెక్కలో ఏడాదికి దాదాపు 4 లక్షల 75 వేలు మీ జేబులోంచి పెట్టాలి. అప్పటికి ఆ జేబులో ఎఫ్‌డీలు ఉండవు, జీతం ఉండదు. ఇవి నా అంచనాలే. మీ ఊరి ధరలు పెట్టి మీరూ ఒకసారి వేసి చూడండి. గది అద్దె, నిండే రాత్రులు, ఈ రెండు అంకెలు కొంచెం కదిలితే చాలు, కింద మొత్తం తారుమారవుతుంది.

గండికోటకు జనం ఎప్పుడొస్తారో మీకు తెలుసు. వానలు పడి పెన్న లోయ పచ్చబడిన దగ్గర్నుంచి ఫిబ్రవరి దాకా, అదీ శని, ఆదివారాల్లో. ఎక్కువమంది బెంగళూరు నుంచి, దాదాపు 280 కిలోమీటర్లు కారులో వచ్చేవాళ్లు. శుక్రవారం రాత్రో శనివారం పొద్దునో దిగి, కోట, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, వీలైతే బెలూం గుహలకు వెళ్లి, ఆదివారం మధ్యాహ్నానికి తిరుగు దారి పడతారు. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండలో, ఆ బండల మీద ఎవరు నడుస్తారు? బ్యాంకు మాత్రం మే నెల వాయిదా కూడా అడుగుతుంది. కాబట్టి మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఒక్క అతిథీ రాని ఏప్రిల్, మే నెలల్లో మీ ఇంటి ఆదాయం ఎంత వాయిదా మోయగలదు? మీ అప్పు పరిమితి అదే. కాంట్రాక్టరు అంచనా దాన్ని నిర్ణయించకూడదు, బ్యాంకు ఇస్తానన్న మొత్తం కూడా నిర్ణయించకూడదు.

గండికోటకు పెద్ద హోటళ్లు వస్తున్నాయి, 2024లో కేంద్రం, రాష్ట్రాలకు పెట్టుబడి సాయం చేసే సాస్కి పథకం కింద దాదాపు 78 కోట్లు ఇచ్చింది, ఇక తిరుగులేదని మీకు చాలామంది చెప్పి ఉంటారు. వస్తే మంచిదే, ఊరికి పేరొస్తుంది. కానీ రోడ్డు మీ కోసం పడినట్టే ఇంకో పదిమంది రిసార్టుల కోసమూ పడుతుంది. వాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఒక్కటే ఉంది, ఆ మిద్దె.

అందుకే కాంట్రాక్టరు అంచనా కాగితం ఇంకోసారి తీయండి. 62 లక్షల్లో మట్టి మిద్దె తీసేసి స్లాబు పోయడానికి, గోడలకు సిమెంటు పూయడానికి ఎంత రాశాడో చూడండి. నా అనుభవంలో ఇలాంటి అంచనాల్లో పెద్ద ముక్క అదే ఉంటుంది, డబ్బు వృథా అయ్యేదీ అక్కడే. మట్టి గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక గోడే పాడవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గినా, వెతికితే దొరుకుతారు. మిద్దె మీద వాన నీళ్లు దిగకుండా పరిచే చవుడు మన్ను మార్చి, దాని కింద చెడిన దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే కర్రలు) మాత్రం తీసి కొత్తవి వేయించడం స్లాబు కంటే చవక. మిద్దెలో వెలుతురు కోసం వదిలిన గవాచి ఉంచండి, గింజలు దాచే పాతర గొయ్యి ఉంచి పైన మూత గట్టిగా బిగించండి. కింద బండలు ఎలాగూ మన ప్రాంతంలో తీసేవే. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు స్లాబు కింద ఏసీ గది అక్కడే బోలెడు దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండలో కూడా చల్లగా ఉండే మిద్దె కోసమే వాళ్లు మీ ఇంటిదాకా వస్తారు. బాత్‌రూములు మాత్రం పాత గోడలకు ఆనించి కట్టొద్దు. నీళ్ల పైపులు మట్టి గోడల్లో వేస్తే ఐదేళ్లలో ఇల్లే పోతుంది. కొట్టం ఉన్న చోట విడిగా కట్టి, ఒక వసారాతో కలపండి.

ఇలా మూడే గదులు, మూడు బాత్‌రూములు, ఒక వంటగది, పడసాలలో భోజనాలు. సెప్టిక్ ట్యాంకు, వైరింగుతో కలిపి 18 లక్షల్లో పెట్టుకోండి. 8 లక్షలు ఎఫ్‌డీల్లోంచి, 10 లక్షలు అప్పు. మిగిలిన 6 లక్షల ఎఫ్‌డీ మీ ఇంటి అత్యవసరాలకు, దాన్ని ముట్టుకోవద్దు. మ్యూచువల్ ఫండ్లు పాప చదువుకు, ఆరేళ్లలో కావాలి. పీఎఫ్ ఊసే ఎత్తొద్దు. ముద్రా రుణంలో 10 లక్షల దాకా తాకట్టు అడగరు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు కూడా ముద్రా రుణాలిస్తామని ప్రకటించారు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అది ఉచితం, దళారికి డబ్బివ్వకండి. ఏడేళ్లకు తీసుకుంటే అదే వడ్డీకి నెల వాయిదా 17,000 లోపు. అతిథులు రాకపోయినా మీ జీతం మోయగలదు. నాన్న పేరున తక్కువ వడ్డీకి పంట రుణం తీసి ఇందులో పెడదామన్న సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు. సేద్యం కోసమని తీసుకున్నది సేద్యానికే పెట్టాలి.

రెస్టారెంటు గురించి కూడా రాశారు. బోర్డు పెట్టి, వంటమనిషికి నెల జీతమిచ్చి, రోజూ పొయ్యి వెలిగించే హోటల్ వద్దు. మంగళవారం మధ్యాహ్నం మీ పల్లెకు ఎవరొస్తారు? వండిన కూర రాత్రికి పారబోయాలి. ముందురోజు ఫోన్లో చెప్పినవాళ్లకే భోజనం పెట్టండి. సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి, జొన్నరొట్టె, పొద్దున కారం దోశ. ఊళ్లో బాగా వండే ఇద్దరు ఆడవాళ్లకు వండిన రోజుకు ఇంతని మంచి కూలి ఇవ్వండి. గదిలో దిగకుండా కోట చూసి భోజనానికి మాత్రమే వచ్చేవాళ్లు, వారాంతాల్లో రోజుకు 15 మంది, తలకు 250 చొప్పున ఏడాదిలో నూరు రోజులు వచ్చినా సరుకులు పోను రెండు లక్షలు మిగులుతాయి. గదుల్లో ఏడాదికి 240 రాత్రులు నిండితే, పై లెక్కలోలాగే గది అద్దె, భోజనం, కమీషన్ వేసుకుంటే, నెలకు 45,000 ఖర్చులు, వాయిదా అన్నీ పోను దాదాపు లక్షా నలభై వేలు మిగులు. ఎనిమిది గదులతో పడే శ్రమకు వచ్చేదానికంటే ఇది ఎక్కువ, పైగా మీ జీతం మీకు ఉంటుంది.

ఇప్పుడు తాకట్టు సంగతి. బకాయి పడితే బ్యాంకు కోర్టుకు పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే ఇలాంటి వ్యాపార రుణాలకు బ్యాంకులు సేద్యపు భూమిని హామీగా తీసుకోవడానికి వెనకాడతాయి, ముందు వ్యవసాయేతరంగా మార్చుకురమ్మంటాయి. మీ ఐదెకరాలకు ఆ షరతు ఉందేమో రాతపూర్వకంగా అడగండి. మారిస్తే పోయేది చిన్నది కాదు. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె సేద్యపు భూమి అమ్మితే వచ్చిన లాభంపై ఆదాయపు పన్ను లేదు. వ్యవసాయేతరం అయ్యాక ఆ రక్షణ ఉండదు. హోటల్‌కు నిజంగా కావలసినంత చోటు వరకే మార్చుకోండి. ఆ మార్పు పద్ధతి, ఫీజులు ఈమధ్య మారాయి కాబట్టి పాత లెక్కలు నమ్మకుండా, అనుమతి ఇచ్చే కార్యాలయంలోనే ఎంత కట్టాలో తెలుసుకోండి. ఇల్లు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 300 మీటర్ల లోపు ఉంటే నియమాలు వేరు. మొదటి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం. అరగంట దూరమన్నారు కాబట్టి కోటతో ఇబ్బంది లేదు, మీ ఊళ్లో రక్షిత గుడి ఏదైనా ఉందేమో చూసుకోండి.

పన్నుల విషయంలో మీ నాన్నకు ఒక మాట చెప్పి ఉంచండి. పొలం ఆదాయానికి పన్ను లేదు కానీ, అదే పొలం మధ్యలో ఉన్నా గది అద్దె, భోజనం డబ్బులు వ్యాపార ఆదాయమే. లావాదేవీలు 2 కోట్ల లోపు కాబట్టి ఊహాత్మక పన్ను పద్ధతిలో లెక్క చూపొచ్చు. బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే సరిపోతుంది. వ్యాపారం ఎవరి పేరున పెడుతున్నారో ఆలోచించండి. నాన్న పేరున పెట్టి ఆయన ఆదాయపు పన్ను కట్టాల్సి వస్తే పీఎం కిసాన్ ఆగిపోతుంది. మీ భార్య దగ్గరుండి నడిపేట్టయితే ఆమె పేరున పెట్టడమే మేలు. జీఎస్టీ ఏడాది రాబడి 20 లక్షలు దాటాకే. మూడు గదులతో దాటరు. దాటితే 7,500 లోపు గదికి 5 శాతం. ఇంకో సంగతి, సేద్యానికి ఉచిత కరెంటుతో నడిచే బోరు నీళ్లు హోటల్ ట్యాంకుకు ఎక్కించొద్దు. విడిగా కమర్షియల్ కనెక్షన్ తీసుకుని దానికో చిన్న మోటారు పెట్టండి. తనిఖీ వస్తే జరిమానాతోపాటు నాన్న సేద్యపు కనెక్షన్‌కే ముప్పు.

చివరిగా నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన మాట, "ఇద్దరూ సరేనన్నారు" అన్నది. బాబాయి మంచివారే కావచ్చు. రేపు ఆయన పిల్లలు? అక్క పేరు మీరు భాగస్తుల్లో రాయలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కని 2005 సవరణ చెప్పింది, తండ్రి ఎప్పుడు పోయారన్నదానితో పనిలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పంచుకోని ఇంటికి మీరు పెట్టే 18 లక్షలు అందరి భాగాల విలువనూ పెంచుతాయి. హోటల్ బాగా నడిచిన రోజునే పేచీ మొదలవుతుంది. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఉమ్మడి నివాస స్థలంలో ఉంటే దస్తావేజు కూడా ఉండకపోవచ్చు, పన్ను రశీదులు, కరెంటు బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో ఇప్పుడే బయటికి తీయండి.

పంపకాలు ఇప్పుడే వద్దనుకుంటే 15 ఏళ్లకు లీజు రాసుకుని రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బాబాయికి, అక్కకు వాళ్ల భాగం మేర నెలకు కొంత అద్దె ఇవ్వండి, మూడు, నాలుగు వేలైనా సరే, బ్యాంకు ద్వారానే. గడువు ముగిశాక మీరు కట్టిన బాత్‌రూములు, వంటగది ఎవరివో, మధ్యలో ఎవరైనా భాగం అమ్మదలిస్తే ముందు ఎవరికి చెప్పాలో అందులోనే రాయించండి. ఈ కాగితం చేతికి రాకముందు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇంటి బీమా ఉంటే అది వ్యాపారానికి పనిచేయదు, చిన్న సంస్థల కోసం ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకోండి.

ఉద్యోగం విషయానికొస్తే, రెండు చలికాలాలు, మధ్యలో ఒక పూర్తి ఎండాకాలం నడిపి చూడండి. రెండో ఏడాది 350 రాత్రులు దాటి, అందులో సగం యాప్‌ల ద్వారా కాకుండా నేరుగా మీకే ఫోన్ చేసినవాళ్లవైతే, నాలుగో, ఐదో గది గురించి నాకు మళ్లీ రాయండి. ఈలోపు ఎండాకాలంలో గదులు మూసి, చవుడు మార్చే పని ఆ నెలల్లోనే పెట్టుకోండి.