సైట్‌లో అమ్మాయి నెగ్గుకురాగలదా?

ప్రశ్న: మాది తెనాలి. సిమెంటు, ఇనుము వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఏడాది నుంచీ ఫోన్‌లో 1950, 60ల నాటి ఇళ్ల ఫొటోలే చూస్తోంది. కాలిఫోర్నియాలో గాజు గోడల ఇళ్లట, వాటిని ‘మిడ్ సెంచరీ మోడరన్’ అంటారట. తనూ అలాంటివి గీస్తుందట, గీయడమే కాదు దగ్గరుండి కట్టిస్తుందట. సివిల్‌లో చేర్చాలా, ఆర్కిటెక్చర్‌లోనా? ఆడపిల్ల సైట్‌లో మేస్త్రీలతో, కాంట్రాక్టర్లతో నెగ్గుకురాగలదా? అసలు ఇందులో బతుకుతెరువు ఉందా? నాకైతే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి మీరు భయపడినంత భయం అక్కర్లేదు. మూడోదాని గురించే కాస్త ఆలోచించాలి. చాలామంది తల్లిదండ్రులు ఈ రెండోదాని దగ్గరే ఆగిపోతారు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

1949లో ముప్పై ఒక్కేళ్ల యువతి ఒకరు శ్రీలంకలోని క్యాండీలో కొండవాలు మీద ఒక ఇల్లు కట్టించడం మొదలుపెట్టారు. పేరు మినెట్ డి సిల్వా. మీ అమ్మాయి చూస్తున్న ఫొటోల్లో ఈమె ఇల్లు ఉండే అవకాశం తక్కువ. ఆ ఫొటోలు ఎక్కువగా అమెరికావి. కానీ మన ఎండ, మన వాన, మన మేస్త్రీల మధ్య అదే కాలంలో మోడరన్ ఇల్లు కట్టిన మనిషి గురించి తెలుసుకోవాలంటే ఈమె దగ్గరికే వెళ్లాలి.

ఆమె చదువు కథ వింటే మీ సమస్య చిన్నదనిపిస్తుంది. అప్పట్లో సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) ఆమెకు ఆర్కిటెక్చర్ చదివే వీలు లేదు. ఇంట్లోవాళ్లను ఒప్పించి బొంబాయి వచ్చారు. అక్కడ మిస్త్రీ అండ్ భేద్వార్ అనే ఆఫీసులో పని నేర్చుకున్నారు. 1936లో అదే ఊళ్లోని జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ నుంచి ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకున్న పెరిన్ మిస్త్రీ ఉన్నది ఆ ఆఫీసులోనే. మన దేశంలో ఆర్కిటెక్చర్ చదివి బయటికొచ్చిన తొలి మహిళగా ఆవిడ పేరు చెబుతారు. మినెట్ ఆ తర్వాత జేజే స్కూల్లో చేరారు. గాంధీజీ కోసం జరిగిన ఊరేగింపులో పాల్గొని, క్షమాపణ రాసివ్వనన్నందుకు బయటికి పంపేశారు. అక్కడితో ఆగలేదు. బెంగళూరులో ఓటో కోనిగ్స్‌బర్గర్ దగ్గర పనిచేశారు. ఆయన అప్పుడు మైసూరు సంస్థానం చీఫ్ ఆర్కిటెక్ట్. తర్వాత లండన్ వెళ్లి చదువు పూర్తిచేశారు. 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థలో అసోసియేట్ అయ్యారు. ఆ సభ్యత్వం వచ్చిన తొలి ఆసియా మహిళ ఆమే.

ఇక ఆ క్యాండీ ఇల్లు. కరుణారత్నె కుటుంబం కోసం కట్టింది, 1951లో పూర్తయింది. స్థలం ఏటవాలు. ఇవాళ మన దగ్గరైతే ముందు జేసీబీ తెప్పించి చదును చేసేస్తారు. ఆమె కొండను అలాగే ఉంచి, గదులను దాని వాలు ప్రకారం ఎత్తుపల్లాలుగా అమర్చారు. కాంక్రీటు వాడారు, గాజు ఇటుకలు వాడారు. దాంతోపాటు క్యాండీ పక్కనున్న దుంబర లోయలో చాపలు అల్లేవాళ్లను పిలిపించి, ఆ చాపలను తలుపుల పలకల్లో బిగించారు. మట్టి పలకలు కాల్పించారు. లక్క పనివాళ్లకు పని ఇచ్చారు. జార్జ్ కీట్ అనే పెద్ద చిత్రకారుడితో గోడ మీద బొమ్మ వేయించారు.

ఒక్క తలుపు సంగతే తీసుకోండి. చాప అల్లే మనిషికి చెక్క ఫ్రేము కొలత చెప్పాలి. వడ్రంగికి చాప మందం చెప్పాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, చాప సాగుతుంది, రెండింటికీ సందు వదలాలి. ఇది గీతల పని కాదు, నలుగురు పనివాళ్ల మధ్య నిలబడి తేల్చే పని. 1950లో క్యాండీలో ఒక ఆడమనిషి ఇది చేయించగలిగినప్పుడు ఈనాడు తెనాలిలో మీ అమ్మాయి చేయించలేదా?

నేను గమనించింది ఒకటి చెబుతాను. మేస్త్రీలు ఎదురు చెప్పేది ఆడమనిషికని కాదు, పని తెలియని మనిషికి. స్లాబ్ కింద పెట్టిన సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పాలో, కాంక్రీటును నీళ్లతో తడిపే క్యూరింగ్ ఎన్ని రోజులు పెట్టాలో తెలియనివాళ్లు మీసాలున్న ఇంజనీరైనా సరే, వెనక నవ్వుకుంటారు. మా సొంతింట్లో బాత్‌రూం వాలు తప్పింది. నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తాయి. పదేళ్లుగా వైపర్‌తో తోస్తున్నాం. ప్లాన్‌లో వాలు గీసే ఉంది, టైల్స్ వేసే రోజున అక్కడ నిలబడి బకెట్ నీళ్లు పోసి చూసినవాళ్లే లేరు. ఆ నిలబడే మనిషి కావాలని మీ అమ్మాయి అంటోంది. అందుకే నాకు ఆమె కోరిక నచ్చింది.

మొదటిరోజు నుంచీ అందరూ నెత్తిన పెట్టుకుంటారని మాత్రం చెప్పను. ఆడమనిషి కావడం వల్ల తనను తగినంతగా పట్టించుకోలేదని మినెట్ కూడా చివరి రోజుల్లో బాధపడ్డారు. ఆ మాట మీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు మూడో ప్రశ్న, బతుకుతెరువు. మినెట్‌కు ప్రతిభలో లోటు లేదు. కొలంబోలో స్తంభాల మీద ఎత్తుగా ఇల్లు లేపి, కింద కారు పెట్టుకునే చోటు ఉంచారు. సిలోన్ ఇళ్లలో ఉండే లోపలి వాకిలిని కొత్త ఇంట్లోకి తెచ్చారు. 1958లో క్యాండీ దగ్గర వటపులువలో ఉద్యోగుల కోసం 200కు పైగా ఇళ్ల కాలనీ వేశారు. గీయడానికి ముందు అందులో ఉండబోయేవాళ్లకు ప్రశ్నలు రాసి పంపారు. ఇంట్లో ఎంతమంది, వంట ఎలా చేస్తారు, ఏం కావాలి అని. ఇప్పుడు ఫ్లాట్లు కట్టే మన బిల్డర్లలో ఎంతమంది ఈ పని చేస్తున్నారో మీ దగ్గర సిమెంటు కొనేవాళ్లనే అడిగి చూడండి.

అంతటి మనిషికి చివర్లో పనులు తగ్గిపోయాయి. ఎక్కువగా ఒంటరిగా, సొంత ఊళ్లోని ఇంటి నుంచే పనిచేశారు. నిలకడగా నడిచే పెద్ద ఆఫీసు ఏర్పడలేదు. 1970ల్లో హాంకాంగ్ వెళ్లి యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. శ్రీలంక ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం 1996లో గాని రాలేదు. 1998లో కన్నుమూశారు. ఆమె కట్టిన ఇళ్లలో కొన్ని కూల్చేశారు, కొన్ని పాడుబడ్డాయి. ఇందులో కొంత ఆ కాలం చేసిన అన్యాయం, కొంత డబ్బు లెక్క చూసే తోడు లేకపోవడం అని నా అభిప్రాయం.

ఆ కాలంలోనే మరో దారి పట్టిన ఆవిడ ఉన్నారు. ఊర్మిళ యూలీ చౌదరి. సిడ్నీలో చదివి, 1951లో చండీగఢ్ కట్టే బృందంలో చేరారు. తర్వాత హర్యానాకు, ఆపైన పంజాబ్‌కు చీఫ్ ఆర్కిటెక్ట్ అయ్యారు. నెల తిరిగేసరికి జీతం, వెనక ప్రభుత్వం. బ్రిటన్ నుంచి వచ్చిన జేన్ డ్రూ అదే ఊళ్లో మూడేళ్లు ఉండి ఉద్యోగుల ఇళ్లు గీశారు. ఆమెకు భర్త మాక్స్‌వెల్ ఫ్రైతో కలిసి నడిపే ఆఫీసు ఉంది. ముగ్గురూ సమర్థులే. వెనక ఏ ఏర్పాటు ఉందన్నదే తేడా.

కాబట్టి మీరు బెంగపడాల్సింది మేస్త్రీల గురించి కాదు, బిల్లు గురించి. మన ఊళ్లలో ప్లాన్‌కు డబ్బివ్వడం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ‘ఒక గీత గీసివ్వమ్మా’ అంటారు, గీశాక ఆ కాగితం పట్టుకుని వేరేవాళ్లతో కట్టించుకుంటారు. తొలి స్కెచ్‌లకు ఇంత, మున్సిపాలిటీ అనుమతి డ్రాయింగులకు ఇంత, పనివాళ్లు చూసి కట్టే వర్కింగ్ డ్రాయింగులకు ఇంత, సైట్ చూసినందుకు ఇంత అని ముందే రాసుకోవాలి. అడ్వాన్సు లేనిదే పెన్సిల్ ముట్టుకోకూడదు. కట్టించే బాధ్యత కూడా తీసుకుంటే అది ఇంకో వ్యాపారం. వారం వారం కూలీలకు చెల్లింపులు, మెటీరియల్ అప్పు, జీఎస్టీ ఉంటాయి. గీసేదీ తానే, కట్టేదీ తానే అయితే క్లయింటుకు ఆ సంగతి మొదటే విడమరచి చెప్పాలి. ఈ విద్యకు మీకంటే మంచి గురువు దొరకడు. ఇనుము అప్పిచ్చి వసూలు చేసుకోవడం మీకు తెలుసు. ఆదివారాలు అమ్మాయిని కొట్టులో కూర్చోబెట్టండి.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే ఉంటుంది, దాచి లాభం లేదు. ఒక మంచి ఆఫీసులో నాలుగైదేళ్లు పనిచేశాకే సొంత బోర్డు గురించి ఆలోచించడం మేలు.

ఇక మొదటి ప్రశ్న. ఇల్లు ఎలా ఉండాలో తేల్చే పని కావాలంటే ఐదేళ్ల బి.ఆర్క్. స్లాబ్‌లో ఎంత ఇనుము పడాలో లెక్కగట్టే పని కావాలంటే నాలుగేళ్ల సివిల్. మీ అమ్మాయి చెబుతున్నది మొదటిది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. సివిల్ చదివి ఆ పేరు పెట్టుకోవడం కుదరదు. ప్రవేశానికి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు పనికిరాదు, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష ‘నాటా’ రాయాలి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సీటు కావాలంటే జేఈఈ మెయిన్‌లో బి.ఆర్క్ పేపరు రాయాలి. తెనాలికి పక్కనే కాబట్టి దాన్ని మొదటి గురిగా పెట్టుకోమంటాను. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ అయితే ఆ ఏడాది కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. రెండు పరీక్షల్లోనూ డ్రాయింగ్ ఉంటుంది. ఇంటర్ కాలేజీలో దాని ఊసే ఉండదు కాబట్టి రోజూ గంట బొమ్మలు వేయాలి.

అమ్మాయికి ఒక మాట. తల్లీ, కాలిఫోర్నియా ఇళ్లు అందంగానే ఉంటాయి. కానీ ఆ గాజు గోడల ఇంటిని తెచ్చి మే నెలలో తెనాలిలో పెడితే అందులో మాగాయ ముక్కలు ఎండబెట్టుకోవచ్చు. ఆ కాలపు ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి, ఎవరూ ఫొటోలు తీయడం లేదు, అంతే. మీ తాతయ్య తరం కట్టిన ఇల్లు ఒకటి వెతుక్కో. మొజాయిక్ గచ్చు, జాలీ ఇటుకల గోడ, కిటికీ మీద బారుగా ఉండే సజ్జా, తలుపు పైన వెంటిలేటర్ ఉంటాయి. ఇంకాస్త పాతదైతే దూలాల మీద సన్నటి ఇటుకలు నిలబెట్టి సున్నంతో పేర్చిన మద్రాసు టెర్రస్ కూడా దొరుకుతుంది. టేపు పట్టుకుని ఆ ఇల్లు మొత్తం కొలువు. గోడ మందం, గుమ్మం ఎత్తు, సజ్జా ఎంత బయటికి వచ్చిందో రాసుకో. పడమటి కిటికీ దగ్గర మధ్యాహ్నం మూడింటికి ఎండ గచ్చు మీద ఎంతవరకు వచ్చిందో సుద్దముక్కతో గీత గీయి. నాలుగింటికి ఇంకో గీత, ఐదింటికి ఇంకోటి. తర్వాత కొత్త అపార్టుమెంటులో అలాంటి కిటికీ దగ్గరే ఇదంతా మళ్లీ చెయ్యి. సజ్జా కురచైనచోట ఎండ మంచం దాకా ఎలా వస్తుందో నీకే తెలుస్తుంది. ఆ గీతలు గీశాక కూడా ఈ పని మీద ఇష్టం తగ్గకపోతే నాటాకు దరఖాస్తు పెట్టు. విసుగొస్తే అదీ మంచిదే, ఐదేళ్లూ ఫీజూ మిగిలాయి.

అయ్యా, మీకు ఒక చిన్న పని. మీ కస్టమర్లలో ఎవరిదైనా స్లాబ్ వేసే రోజు ఉంటే తెల్లవారుజామునే అమ్మాయిని తీసుకెళ్లి అక్కడ దింపి మీరు కొట్టుకు వెళ్లిపోండి. పక్కన నిలబడొద్దు. మీరుంటే మేస్త్రీ మీతోనే మాట్లాడతాడు. సాయంత్రం వచ్చాక ఎలా ఉందని అడగకండి. మిక్సర్‌లో ఎన్ని బస్తాలకు ఎంత ఇసుక, ఎంత కంకర పోశారో అడగండి. ఇంటి కొలతల కాగితాలు పూర్తయ్యాక నాకు పంపమనండి. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతాను.