గుండె స్టెంట్‌కు క్లినికల్ ఆధారాలు సమకూర్చబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

మీ కంపెనీ తయారు చేస్తున్న మందుపూత స్టెంట్‌కు, అంటే ఇరుకైన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే, మందు పూసిన సన్నని లోహపు జాలిగొట్టానికి, క్లినికల్ పరిశోధన ప్రణాళిక రాసే బాధ్యత నీకు అప్పగించారని, నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో రోగులను చేర్చుకోవాలని అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా కాలం స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేసినవాడిగా, ఇటువంటి పరిశోధనల ఫైళ్లు దగ్గరగా చూసినవాడిగా నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను.

నిబంధనల సంగతి నీకు తెలిసినదే. 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్న వైద్య పరికరాల నిబంధనలు, 2017 ప్రకారం స్టెంట్లు, గుండె కవాటాలు అత్యధిక ప్రమాదం గల 'డి' తరగతిలోకి వస్తాయి కాబట్టి లైసెన్సు కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థే ఇవ్వాలి. పోల్చదగిన పాత పరికరం ఏదీ ఆమోదం పొంది లేనప్పుడు ఎండీ-22 ఫారంలో దరఖాస్తు చేసి, ఎండీ-23 ఫారంలో అనుమతి తెచ్చుకుని, ముందు కొద్దిమందిలో, తరువాత ఎక్కువమందిలో పరిశోధన జరపాలి. ఫారాలు నింపడానికి మనుషులు దొరుకుతారు. ఆ స్టెంట్ ఎవరికి, ఎటువంటి రక్తనాళానికి పనికివస్తుందని మీరు చెప్పదలచుకున్నారో తేల్చడం మాత్రం నీ పని, అదే ముందు జరగాలి. మధుమేహం ఉన్నవారిని, సన్నని నాళాలు ఉన్నవారిని పరిశోధనలో చేర్చుకోకుండా ఫలితం బాగుందనిపించుకుని, తరువాత అందరికీ వాడవచ్చని రాయడం న్యాయం కాదు. మన జిల్లాల్లో క్యాథ్‌ల్యాబ్‌కు వచ్చేవారిలో మధుమేహం ఎంత సాధారణమో నీవు వచ్చి ఒక్క రోజు కూర్చుంటే తెలుస్తుంది.

వేరొక కంపెనీ స్టెంట్‌తో మాది సమానమని చూపి పని ముగించుదామని మీవాళ్లలో ఎవరో ఒకరు తప్పక అంటారు. లోహం ఒకటే అయినంత మాత్రాన రెండు స్టెంట్లు ఒకటి కావు. తీగల మందం, మందును పట్టి ఉంచే పాలిమర్ పూత, మందు మోతాదు, అది విడుదలయ్యే వేగం, వీటిలో ఏది మారినా అవతలివారి ఫలితాలు నీకు నేపథ్యంగా ఉపయోగపడతాయే తప్ప నీ స్టెంట్‌కు రుజువు కాలేవు. సూరత్‌లో తయారైన సుప్రాఫ్లెక్స్ స్టెంట్‌ను ఐరోపాలో 1435 మంది రోగులలో అప్పటికే వాడుకలో ఉన్న జైన్స్ స్టెంట్‌తో నేరుగా పోల్చి, ఆ ఫలితాన్ని 2019లో ప్రచురించారు. మన దేశపు స్టెంట్‌కు ఆ గౌరవం అలా వచ్చింది.

ప్రయోగశాల పరీక్షలకు ఇవ్వవలసిన విలువ ఇవ్వు, అంతకు మించి ఇవ్వవద్దు. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఏడాదికి దాదాపు 3 కోట్ల 78 లక్షల సార్లు కొట్టుకుంటుంది. పదేళ్ల ఆయుష్షు చూపడానికి స్టెంట్‌ను యంత్రం మీద సుమారు 40 కోట్ల సార్లు సాగదీసి వదలడం అందుకే. కాని ఆ యంత్రంలో రక్తం గడ్డకట్టదు. కరిగిపోయే అబ్సార్బ్ స్టెంట్ విషయంలో 2008 మందితో జరిపిన పరిశోధనలో ఏడాదికి స్టెంట్ వేసినచోట వైఫల్యం 7.8 శాతం, పోలిక స్టెంట్‌లో 6.1 శాతం కనిపించింది. ఆ తేడా ముందుగా ఒప్పుకున్న హద్దు లోపలే ఉండడంతో 2016 జులైలో అమెరికాలో అనుమతి వచ్చింది. మూడేళ్లు గడిచేసరికి స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టినవారు అబ్సార్బ్ వేసినవారిలో 2.3 శాతం, పోలిక స్టెంట్ వేసినవారిలో 0.7 శాతం అని తేలింది. అప్పటికే, 2017 సెప్టెంబరులో, కంపెనీ అమ్మకాలు నిలిపివేసింది. ఏడాది ఫలితంతో తృప్తి పడవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

రోగులను చివరి వరకు వెంబడించడం ఇక్కడ అన్నిటికంటే కష్టం. ఉదయగిరి నుంచి వచ్చిన రోగి స్టెంట్ వేయించుకుని వెళ్లి చెన్నైలోనో బెంగళూరులోనో కొడుకు దగ్గర చేరతాడు, ఫోను నంబరు మారుతుంది. ఒంగోలు వైపు పొగాకు బ్యారన్లు కాల్చే రోజుల్లో, మనవైపు వరి కోతల్లో, పరీక్షకు రమ్మంటే రారు. ఆ నెలలు చూసుకుని గడువులకు ముందూ వెనకా వెసులుబాటు పెట్టు. ప్రతి రోగికీ ఇంట్లో ఇద్దరి నంబర్లు, ఊరి ఆశా కార్యకర్త నంబరు రాయించు, అందుకు ముందే రోగి అనుమతి తీసుకో. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో ప్రతిసారీ అడిగించాలి. పన్ను పీకించుకోవడానికి ఆపేసి మళ్లీ మొదలుపెట్టనివారు ఎందరో ఉంటారు, గడ్డకట్టిన కేసుకు కారణం అక్కడ ఉండవచ్చు. ఇంట్లో నిద్రలో పోయిన మనిషిని కారణం తెలియదని వదిలేయడానికి వీలు లేదు. వేరే కారణం స్పష్టంగా రుజువైతే తప్ప అటువంటి మరణాన్ని గుండె మరణంగానే లెక్కించాలని ఈ రంగంలో ఒప్పుకున్న నిర్వచనం. ఏ స్టెంట్ వేశారో తెలియని వైద్యుల బృందం చేత ప్రతి సంఘటననూ తీర్పు చేయించు. కనబడకుండా పోయిన నలుగురిని కుశలంగా ఉన్నవారి ఖాతాలో వేయడం నా దృష్టిలో అబద్ధం రాయడమే.

మొదటి రోగిని చేర్చుకోకముందే రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం, దేశంలోని క్లినికల్ పరిశోధనల జాబితా అయిన సీటీఆర్‌ఐలో నమోదు పూర్తి కావాలి. చదవలేని రోగికి సమ్మతిపత్రం నిష్పక్షపాతి అయిన సాక్షి ఎదుట పూర్తిగా చదివి వినిపించి, ఆ తరువాతే వేలిముద్ర తీసుకోవాలి. స్ట్రెచర్ మీద, నొప్పితో ఉన్న మనిషి చేత తీసుకున్న వేలిముద్రను నేను సమ్మతి అనుకోను.

లైసెన్సు వచ్చాక ఊహించని తీవ్ర దుష్ఫలితం ఏది మీ దృష్టికి వచ్చినా 15 రోజుల్లో తెలియజేయాలి. ఆ ఫిర్యాదులు అందుకునే మనిషి అమ్మకాల విభాగానికి జవాబుదారీ కాకుండా చూడమని మీ కంపెనీకి ఇప్పుడే చెప్పు. ప్రణాళిక ముసాయిదాలో రోగులను వెంబడించే అధ్యాయం పూర్తికాగానే నాకు పంపించు, మన ఊళ్ల సంగతులకు సరిపడేలా చూసి దిద్ది ఇస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య