విరిగిన స్క్రీన్‌లో నల్ల మచ్చ

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ జిల్లా గుణుపూర్. సెల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. కాగితంలా చుట్టుకునే ఆర్గానిక్ సోలార్ షీట్లు వస్తున్నాయని విన్నాను. షాపు మీద మామూలు ప్యానెల్ వేయించుకోనా, వాటి కోసం ఆగనా?

జవాబు: ఆగొద్దు బాబూ, వేయించేసుకో. ఆర్గానిక్ అంటే ఇక్కడ మందులు కొట్టని పంట కాదు, కర్బనం వెన్నెముకగా ఉన్న అణువులు. నీకు కొత్తవీ కావు. నీ దగ్గరికొచ్చే ఓఎల్ఈడీ స్క్రీన్లలో వెలిగేది ఆ జాతే. అక్కడ కరెంటిస్తే వెలుగొస్తుంది, సోలార్ సెల్‌లో వెలుగు పడితే కరెంటొస్తుంది.

1986లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్ అనే ఆయన రెండు పొరలతో ఇలాంటి ఆర్గానిక్ సోలార్ సెల్ చేశారు. ఒక పొర కాపర్ థాలోసయనిన్. పెయింట్లలో, అచ్చు ఇంకుల్లో కలిపే నీలి రంగే అది! పడిన వెలుగులో ఒక శాతం దాకా కరెంటుగా మారింది. 2019లో వై6 అనే చిన్న అణువు వచ్చాక దారి మారింది. ఇప్పుడు ల్యాబుల్లో చేసే బుల్లి సెల్స్ 19 శాతం దాటాయి.

ఆ ఒక్క శాతం నుంచి ఇక్కడికి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే, మామూలు ప్యానెళ్ళలో ఉండే సిలికాన్‌లో పరమాణువులు గట్టిగా ముడిపడి ఉంటాయి. ఇక్కడ అణువులు దొంతర పెట్టిన అడ్డాకు విస్తళ్ళలా ఆనుకుని ఉంటాయంతే. ఎలక్ట్రాన్ ఒక విస్తరి మీంచి ఇంకోదానికి గెంతాలి. పైగా వెలుగు తగిలినా అది వెంటనే విడిపడదు, తను వదిలొచ్చిన ఖాళీని అంటుకునే తిరుగుతుంది. సుమారు 10 నానోమీటర్లలోపు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) రెండో పదార్థం అంచు దొరికితే విడిపోతుంది, లేదంటే మళ్ళీ ఖాళీలో పడిపోతుంది, ఆ వెలుగు వృథా. అందుకే రెండు పదార్థాలనూ కలిపి పూస్తున్నారు.

మరి ఎందుకు ఆగొద్దన్నాను? కిందపడ్డ ఓఎల్ఈడీ ఫోన్లు నువ్వు చూసే ఉంటావు. మూలన శనగ గింజంత మచ్చతో మొదలవుతుంది. పోయిన వానాకాలం నా ఫోన్‌కీ అంతే. రోజూ పొద్దున్నే స్కేలు పెట్టి కొలిచాను. మొదటిరోజు నాలుగు మిల్లీమీటర్లు, మర్నాడు ఏడు, ఆదివారానికి సగం స్క్రీన్ పోయింది. పగుల్లోంచి గాలీ చెమ్మా దూరితే ఈ పొరలు తట్టుకోలేవు. జేబులో ఉండే ఫోన్‌కే అలాగైతే, వంశధార పక్కన రేకుల మీద ఎండకీ వానకీ పడుండే షీటు సంగతేమిటి? సిలికాన్ ప్యానెల్‌కు పాతికేళ్ళ వారంటీ ఇస్తున్నారు. ఆ ఆయుష్షు వీటికింకా రాలేదు.

ప్యానెల్ మీద పక్క మేడ నీడ పడకుండా మాత్రం చూసుకో. అలా మచ్చ పాకిన స్క్రీన్ ఈసారి వస్తే పారేయకు. నౌపడ రైల్లో పర్లాకిమిడి వచ్చినప్పుడు తెచ్చిపెట్టు, మా పిల్లలకు చూపిస్తాను.